కుడి పక్క ఖాళీ

కదలకూడదు. ఈ గంటసేపు నా పని అదొక్కటే. కాళ్ళ కింద తారు మీద సుద్దతో గీసిన అడ్డగీత ఉంది. దాని మీద రెండు మడమలూ పెట్టి, బాతుల వేటకి వాడే ఈ ఎర్ర టోపీ నెత్తిన పెట్టుకుని, ఎదురుగా సరస్సు వైపు చూస్తూ నిలబడాలి. తల తిప్పకూడదు, టోపీ సర్దుకోకూడదు, ముక్కు మీద ఈగ వాలితే దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. డెబ్భై రెండేళ్ళవాడికి ఇంతకన్నా సులువైన పని ఎవరిస్తారని నిన్న నవ్వాను. ఇప్పుడు పదకొండూ నాలుగు నిమిషాలు, ఎడమ మోకాలు అప్పుడే గొణుగుతోంది. పొద్దున ఈ గీత గీసిన సార్జెంట్ మేజర్ సుద్దముక్క జేబులో వేసుకుంటూ నన్ను కింది నుంచి పైదాకా ఓసారి చూశాడు. “ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పరేడ్ మైదానం అంచున ఒక పెద్దమనిషిని ఇలా పాతడం ఇదే మొదటిసారి సార్. మీరు పడిపోతే నేను పరేడ్ ఆపను.” ఆపొద్దన్నాను. “నీళ్ళు తాగారా?” తాగానన్నాను. “మరీ ఎక్కువ తాగలేదు కదా?” అన్నాడు, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా. తనది అలాంటి ముఖం. ఈ ముప్ఫై ఏళ్ళలో పక్కకి చూసి ఉండడు.

వేదికకి అవతల బర్ట్ సింక్లెయిర్ కూడా ఇలాగే నిలబడి ఉండాలి. ఎండ కాస్తుంటే పసుప్పచ్చ వానకోటు వేసుకుని. తల తిప్పితేగాని కనపడడు, తల తిప్పకూడదు. “నా తుంటి కొత్తది రా లైల్, నీ మోకాలు పాతది. పందెం, ముందు పడేది నువ్వే,” అన్నాడు ఇందాక విడిపోయేటప్పుడు. పడితే అంబులెన్సులో కిటికీ పక్క సీటు నాదన్నాను. మాకు తెలిసిన పద్ధతి ఇది. యాభై నాలుగేళ్ళుగా ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకోవడం తప్ప ఇంకేమీ చెప్పుకోలేదు. నెలన్నర కిందట ఫోన్లో మాత్రం వాడి గొంతు వేరేగా ఉంది. “లైల్, మనవాళ్ళు ఇద్దరు పోయారు రా.” మాలో ఎవరో అనుకున్నాను. మా వయసుకి అది మామూలే, మంచంలో ఉన్న ఫెన్విక్ పేరు ముందు నోట్లోకొచ్చింది. “ఫెన్విక్ కాదురా. మనవాళ్ళంటే ఆ పిల్లలు.”

ఆ పిల్లలు. ఇదిగో వస్తున్నారు. రాతి భవనాల మధ్య నుంచి ముందు డోలు చప్పుడు, తర్వాత బూట్ల చప్పుడు, తర్వాత నీలం కోట్లు. తెల్ల చేతితొడుగులు అన్నీ ఒక్కసారి లేచి ఒక్కసారి దిగుతున్నాయి. మైదానం అవతలి అంచున, సరస్సుని వీపుకి పెట్టుకుని వరసలు ఆగాయి. ఇంత దూరం నుంచి ఎవరు ఎవరో తెలియదు. మూడో దళం, ముందు వరస, ఎడమ చివర నుంచి నాలుగో మనిషి మారెన్ టిస్‌డేల్. సరిగ్గా నాకు ఎదురుగా. ఆమెకి కుడిపక్క ఒక మనిషి పట్టేంత ఖాళీ, అది తారస్ బోయ్‌చుక్ చోటు. బర్ట్‌కి ఎదురుగా ఇంకో దళంలో ఇంకో ఖాళీ, అది నోరా లెచ్‌వర్త్‌ది. ఏప్రిల్ మొదటి శనివారం ఇద్దరూ ఒకే కారులో వస్తున్నారు. పడుతూనే గాజులా గడ్డకట్టే వాన. ఈ సైనిక కాలేజీకి ఇంకా అరగంట దూరం. పట్టాలు పుచ్చుకునే ఈ పరేడ్‌కి ఇంకా ఆరు వారాలు.

మా కాలేజీలో ఒక అలవాటు ఉంది. కొత్తగా చేరిన బ్యాచ్‌కి యాభై ఏళ్ళ కిందట చేరిన బ్యాచ్ పెద్దదిక్కు. మొదటి ఏడాది శరదృతువులో ఆ ముసలివాళ్ళు వచ్చి ఎదురెదురుగా నిలబడి ఒక్కొక్క పిల్లకీ పిల్లాడికీ టోపీ బ్యాడ్జీ చేతిలో పెడతారు. మేం పెట్టిన ఏడాది మహమ్మారి ఏడాది. అందరి ముఖాలకీ గుడ్డలు. సన్నగా వాన. నా వంతుకి ఐదుగురు వచ్చారు. వాళ్ళలో ఒకడు ఈ తారస్, పొట్టిగా, భుజాలు తలుపంత వెడల్పుగా ఉన్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. బ్యాడ్జీ గుప్పిట్లో పెట్టగానే, మాట్లాడకూడని చోట గుసగుసగా అడిగాడు. “ఇది ఇచ్చేసినట్టేనా సార్? మళ్ళీ అడగరుగా?” నేనూ గుడ్డ చాటునే నోరు కదపకుండా అన్నాను, “పోగొడితే అడుగుతాను.” కళ్ళు నవ్వాయి. అంతే మా పరిచయం. వాడి ముక్కూ మూతీ నేను మొదటిసారి చూసింది పేపర్లో, చనిపోయిన వార్త పక్కన. కింద పెదవి మీద చిన్న మచ్చ ఉందని అప్పుడు తెలిసింది.

మిగిలిన పిల్లలకి ఏదో చెయ్యాలని మా బ్యాచ్ నుంచి పదిహేడు మందిమి ముందుగానే వచ్చాం. నడవగలిగినవాళ్ళం, కారు నడపగలిగినవాళ్ళం. వచ్చాక తెలిసింది మాకేమీ చేతకాదని. మొదటి రోజు భోజనశాలలో వాళ్ళ మధ్య కూర్చుని బంగాళదుంపల పులుసు తాగాం. ఎవరూ మాట్లాడలేదు. రెండో రోజు బర్ట్ ఒక కుర్రాడి బూట్లు లాక్కుని, “ఇదా మెరుపు? నా బట్టతల చూడు, ఇదీ మెరుపంటే,” అని వాటి మీద ఉమ్మేసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఒక పిల్ల నవ్వింది. నవ్వినందుకు వెంటనే ఏడ్చింది. ఆ సాయంత్రం వసారా పొడుగునా పదిహేడు మంది ముసలివాళ్ళు బూట్లు తుడుస్తున్నారు, పక్కన పిల్లలు నేల మీద కూర్చుని తారస్ గురించి, నోరా గురించి ఒక్కొక్క మాటే బయటికి తీస్తున్నారు. చేతులు పనిలో ఉంటే నోరు తెరుచుకుంటుంది. మాకు ఆ వయసులో అది ఎవరూ చెప్పలేదు. మాకు చెప్పింది ఒక్కటే. పోయినవాడి మంచం మీద దుప్పటి మడవండి, పన్నెండింటికి తరగతికి రండి.

“మీరేనా, పోగొడితే అడుగుతానన్న పెద్దాయన?”

కుడివైపు నుంచి, కాస్త వెనకగా, ఆడగొంతు. తల తిప్పకూడదు. ముందు వరస కుర్చీల్లో చివరిది నా కుడి మోచేతికి రెండడుగుల దూరంలో ఉందని పొద్దున చూశాను. దాని మీద పేరు రాసిన కాగితం కూడా చూశాను. ఒక్సానా బోయ్‌చుక్. పడమటి గోధుమ భూముల నుంచి మూడు రోజులు కారు నడుపుకుంటూ వచ్చిందని మారెన్ చెప్పింది. ఒళ్ళో ఏదో మూట ఉన్నట్టుంది, పిండివంట వాసన, యాలకుల వాసన. ఈస్టర్‌కి వాళ్ళు చేసే, జడలా అల్లిన రొట్టె. ఈసారి పండగ వచ్చేసరికి కొడుకు లేడు. అయినా కాల్చింది, కాల్చి వాడి తోటివాళ్ళకి తెచ్చింది.

“నేనేనమ్మా. క్షమించాలి, తల తిప్పకూడదు.”

“తెలుసు. మారెన్ చెప్పింది. తిప్పకండి.” సంచీ జిప్పు చప్పుడు. “ఇంటికొచ్చిన ప్రతిసారీ మీలా గొంతు పెట్టి అనేవాడు. చెల్లెలు వాడి చొక్కా వేసుకుంటే చాలు, ‘పోగొడితే అడుగుతాను.’ మేమందరం పడీపడీ నవ్వేవాళ్ళం.” కంటి కొసన ఏదో లోహం మెరిసింది. “వాడు పోగొట్టలేదండీ. కోటు లోపలి జేబులో ఉందిట. ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు. మీరు చూస్తారేమోనని తెచ్చాను.”

చూడాలి. తల పదిహేను డిగ్రీలు తిప్పితే కనపడుతుంది. ఎదురుగా ముప్ఫై గజాల దూరంలో మారెన్ ఈ ఎర్ర టోపీ వైపు చూస్తోంది, ఇప్పుడే చూడటం అలవాటు చేసుకుంటోంది. తిప్పలేదు. “ఉంచుకోండమ్మా,” అన్నాను. వెనక వరసలోంచి ఎవరో పెద్దావిడ, “ఏవండీ ఎర్ర టోపీ! కూర్చోండి కాస్త, మా మనవడు కనపడట్లేదు,” అంది. ఒక్సానా కుర్చీ కిర్రుమంది. “ఆయన మా అబ్బాయి కోసం నిలబడ్డాడు. మీ కుర్చీ అటు జరుపుకోండి.” వెనక కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది.

“వాడి చోటు ఏదండీ?” అంది కాసేపటికి. “ఖాళీ ఉంచుతామన్నారు. నాకిక్కడి నుంచి అన్నీ ఒకేలా ఉన్నాయి.”

ఈ ప్రశ్న నేను ఇంతకుముందు విన్నాను. వేరే భాషలో, వేరే మనిషి నోట, ఇక్కడే, ఈ వేదికకి ఇరవై గజాల దూరంలో. “చివర్లో వరసలన్నీ ఇటు మన ముందుకి నడిచి వస్తాయమ్మా. పదిహేను అడుగులు. అప్పుడు చూపిస్తాను.” మాట ఇచ్చేశాను. ఇవ్వకుండా ఉండాల్సింది. ఆ పదిహేను అడుగుల్లో ఏం జరుగుతుందో నాకు తెలిసినంతగా ఈ మైదానంలో ఎవరికీ తెలియదు.

ముఖ్య అతిథి వరసల మధ్య నడుస్తున్నాడు. ఒక్కొక్కళ్ళ దగ్గరా ఆగి ఏదో అడుగుతున్నాడు, ఏ ఊరు, ఏ విభాగంలో చేరుతున్నావు. జెండా కర్రకి తాడు కొట్టుకుంటోంది, టక్ టక్ టక్. అదే తాడు చప్పుడు. అప్పుడూ అంతే, గాలి సరస్సు మీద నుంచే. రేయాల్ గోవ్రో నా కుడి పక్క నాలుగేళ్ళు నిలబడ్డాడు. మమ్మల్ని ఎత్తు ప్రకారం నిలబెడతారు, కుడి చివర పొడుగువాడు, ఎడమ చివర పొట్టివాడు. వాడికీ నాకూ రవ్వంత తేడా. మొదటి రోజు సార్జెంటు కంటితో కొలిచి వాణ్ణి కుడికి తోశాడు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు బూట్లలో పేపరు మడిచి పెట్టుకొచ్చాను, వాడు రెండు పేపర్లు పెట్టుకొచ్చాడు. నాలుగేళ్ళపాటు మేమిద్దరం అలా పెరుగుతూనే ఉన్నాం. తూర్పు తీరాన చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు. వచ్చినప్పుడు మా భాషలో తిట్లు తప్ప ఏమీ రావు, అవీ నేను నేర్పినవే. నాకో జబ్బు ఉంది, నడుస్తుంటే కుడికి ఒరుగుతాను. వాడి మోచెయ్యి ప్రతి నాలుగో అడుగుకీ నా పక్కటెముకల్లో పొడిచేది. పెదవి కదపకుండా తిట్టేవాడు. “మళ్ళీ ఒరుగుతున్నావు రా వెధవా. నువ్వు పడవై ఉంటే ఈపాటికి మునిగిపోయేవాడివి.” నాలుగేళ్ళు నేను తిన్నగా నడిచానంటే అది నా కాళ్ళ గొప్పతనం కాదు, వాడి మోచేతిది. ఆ సంగతి వాడున్నన్నాళ్ళూ నాకు తెలియలేదు.

మార్చి నెల. గడ్డకట్టిన సరస్సు మీద మా హాకీ వల అలాగే ఉండిపోయింది. మంచు కరగడం మొదలైంది. వల మా బ్యాచ్‌ది, పోతే పరువు పోతుంది. తేవాల్సిన వంతు నాది. నేను బూట్లు తుడుచుకుంటున్నాను. “నువ్వు కూర్చో, నీకు మంచు తెలీదు. నేను మంచు మీదే పుట్టాను,” అని వాడు వెళ్ళాడు. వల దొరికింది, తేలుతూ.

సరే. అది జరిగింది. అది చెప్పడానికి నాకు కష్టమేమీ లేదు, మా అందరికీ తెలిసిందే. మా ఆవిడకి చెప్పాను, పిల్లలకి చెప్పాను. నేను ఎవరికీ చెప్పనిది దాని తర్వాతది. మేలో పరేడ్. వాడి చోటు ఖాళీగా ఉంచుతామని బ్యాచ్ అంతా వెళ్ళి అడిగాం. పై అధికారులు తటపటాయించి ఒప్పుకున్నారు. వాళ్ళ నాన్న రెండు రోజులు రైల్లో వచ్చాడు, పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకుని, చేతులు వల తాళ్ళకి కాయలు కాసి. కొడుకు చోటు ఉంటుందని ఎవరో ఆయనకి ఆయన భాషలో చెప్పారు. చివర్లో ముందుకి నడిచాం, పదిహేను అడుగులు. నా కళ్ళు నిటారుగానే ఉన్నాయి. కాళ్ళు లెక్క తప్పలేదు. ఆగమన్నప్పుడు ఆగాను, మడమలు కలిశాయి. కలిశాక నా కుడి మోచేతికి మెత్తగా ఏదో తగిలింది. కోటు గుడ్డ. ఫెన్విక్ చెయ్యి. ఫెన్విక్ రేయాల్‌కి అటుపక్క నిలబడేవాడు. నేను ఖాళీలోకి నడిచి దాన్ని మూసేశాను. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. నాలుగేళ్ళపాటు పక్కవాడికి ఆనుకుని నడవడం నేర్చిన ఒళ్ళు, పక్కవాడు లేకపోతే ఇంకో పక్కవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. బాగా కవాతు నేర్చిన మాలాంటివాళ్ళు మాత్రమే చేసే తప్పు. చూసేవాళ్ళకి వరస చక్కగా, అతుకు లేకుండా కనపడి ఉంటుంది. చప్పట్లు కొట్టారు.

తర్వాత టెంటు కింద నిమ్మరసం ఇస్తుంటే ఆయన నా దగ్గరికి వచ్చాడు. నాకు వాళ్ళ భాష అప్పటికి బాగానే వచ్చు, రేయాల్ నేర్పాడు. “మావాడి చోటు ఏది నాయనా?” అన్నాడు. నా కుడి పక్కనండీ అన్నాను. ఆయన మైదానం వైపు తిరిగి చూశాడు. కోపం లేదు. తప్పు తన కళ్ళదేమోనన్నట్టు అన్నాడు. “నీ కుడి పక్కే చూశాను. అక్కడ ఇంకో కుర్రాడున్నాడు.”

అవతల బ్యాండు మొదలైంది. నాలుగు దళాలూ మైదానం చుట్టూ తిరిగి, వేదిక ముందు నుంచి వెళుతున్నాయి. మూడో దళం పక్క నుంచి వెళ్ళినప్పుడు మారెన్ పక్కముఖం కంటి కొసన కనపడింది, దవడ బిగిసి ఉంది. ఈ నడకలో భయం లేదు, ముందువాడి వీపు ఉంటుంది పట్టుకోవడానికి. ఆఖరిదే ప్రమాదం, ముందు ఏమీ ఉండదు, పక్కన ఎవరూ ఉండరు. మోకాలు ఇప్పుడు గొణగడం మానేసి అరుస్తోంది. బరువు కుడికాలి మీదకి మార్చాను. మార్చకూడదు. మళ్ళీ సరిచేశాను. చెమట కనుబొమ్మ మీద నుంచి కంట్లోకి దిగింది. మంట. రెప్ప వెయ్యడానికి అనుమతి ఉంది, అది మారెన్‌తో ముందే మాట్లాడుకున్నాం.

బుధవారం మాట్లాడుకున్నాం. భోజనశాల ఖాళీ అయ్యాక ఒక మూల కూర్చుని ఉంది, ముందు కంచంలో ఒలిచిన నారింజపండు, తినలేదు. పరేడ్ నుంచి మినహాయింపు కోరుతూ కాగితం ఇచ్చేశానంది. పైవాళ్ళు మంచివాళ్ళు, సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. “రెండుసార్లు రిహార్సల్ చేశాం సార్. రెండుసార్లూ నేనే చెడగొట్టాను. కళ్ళు తెరిచేసరికి వాడి చోట్లో నిలబడి ఉన్నాను. వాడి మీద నిలబడ్డట్టుంది. వాళ్ళమ్మ వస్తోంది. ఆవిడ ముందు ఆ పని చెయ్యలేను. నేను లేకపోతే వరస మళ్ళీ సర్దుతారు, ఖాళీ ఉండదు, గొడవ ఉండదు.”

నేను ఆ నారింజపండు వైపే చూస్తూ చెప్పాను. హాకీ వల గురించి కాదు. ఫెన్విక్ కోటు గుడ్డ గురించి, టెంటు గురించి, ఆయన అన్న మాట గురించి. యాభై ఏళ్ళలో మొదటిసారి నోటితో అన్నాను. మా ఆవిడ పోయింది ఆ మాట తెలియకుండానే. చెప్పడం అయ్యాక ఆ పిల్ల కంచాన్ని కాస్త పక్కకి జరిపింది. తర్వాత అడిగింది. “ఎన్నాళ్ళకి తగ్గింది సార్?” నేను గడియారం చూసుకున్నాను. “తగ్గగానే నీకు ఫోన్ చేస్తాను.” నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమో తెలియదు. “కావాలని చెయ్యనివాడికే అంత ఉంటే...” అని ఆగింది. “అదే నేను చెప్పేది అమ్మాయ్. ఇప్పుడు పరేడ్ మానేసి కూర్చుంటే రేపు బానే ఉంటుంది. ఎల్లుండి నుంచే మొదలవుతుంది. వరసని మూసినవాడిగా చెబుతున్నాను.”

“అయితే ఏం చెయ్యను? నా కాళ్ళు నా మాట వినట్లేదు.”

“పక్కన మనిషి లేనప్పుడు ఎదురుగా ఒక మనిషి కావాలి,” అన్నాను. ఆ మాట ముందే అనుకున్నది కాదు. అన్నాక నాకే అర్థమైంది. “నేను నిలబడతాను. సరిగ్గా నీకెదురుగా. నువ్వు వరస మర్చిపో, కుడిపక్క మర్చిపో. నా టోపీ మీదకి నడిచిరా. గుద్దేస్తానన్నట్టు రా.” ఒక నారింజ తొన తీసుకుని నోట్లో వేసుకుంది. “మీరు కదిలితే?” “కదలను.” “మీకు డెబ్భై దాటాయి సార్.” “అందుకే కదలను. కదలడం ఎప్పుడో మానేశాను.” లేచి వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి వేలు చూపించి మరీ అంది. “నేను ఆగి, మడమలు కలిపేదాకా. అంతవరకు రెప్ప తప్ప ఏదీ కదలకూడదు.” ఆ కాగితం వెనక్కి తీసుకుందని రాత్రి బర్ట్ చెప్పాడు. నోరా పక్క నిలబడే కుర్రాడు కూడా విని, తనకీ ఒక ముసలాడు కావాలన్నాడట. అలా పసుప్పచ్చ వానకోటు తయారైంది.

ఇప్పుడు మళ్ళీ అందరూ అవతలి అంచున ఉన్నారు. బ్యాండు ఆగింది. బాతుల గుంపు ఒకటి ఎక్కడో అరుస్తోంది. వేదిక చుట్టూ జనం లేస్తున్న చప్పుడు, కుర్చీలు, పట్టు గుడ్డలు, దగ్గులు. ఆఖరి నడకకి లేచి నిలబడటం ఇక్కడ మర్యాద. ఒక్సానా కూడా లేచినట్టుంది, యాలకుల వాసన దగ్గరికొచ్చింది. “ఇప్పుడేనా?” అంది. “ఇప్పుడేనమ్మా.” సార్జెంట్ మేజర్ గొంతు మైదానాన్ని అడ్డంగా కోసింది. ముందుకి నడువ్.

ఒకటి. మొత్తం వరస ఒక్కసారి కదిలింది. గోడ కదిలినట్టు. రెండు. మూడు. నాకు కనపడేది ఒక్క ముఖమే, దాని కింద తెల్ల తొడుగులు. కళ్ళు నా నుదుటి మీద ఉన్నాయి. రా, గుద్దెయ్. నాలుగు. ఐదు. ఒకప్పుడు ఇదే చోట రేయాల్ నాన్న నిలబడి ఉంటాడు, వెనక్కో ముందుకో, ఎదురుగా వస్తున్న నన్ను చూస్తూ. నేను ఎవరినీ చూడలేదు. నాకు ఎదురుగా ఎవరైనా ఉన్నారని అనుకోలేదు. ఆరు. ఏడు. ఇదిగో ఇక్కడే. ఆమె కుడి భుజం కిందకి దిగింది. అడుగు సగం పక్కకి పడింది. ఖాళీ సన్నబడింది. ఒరుగుతున్నావు రా వెధవా, పడవై ఉంటే, ఎవరినంటున్నాను, పిల్లనా నన్నా, ఇటు చూడమ్మా, ఇటు, ఎరుపు, ఎరుపు. అదే క్షణంలో మోకాలు పోయింది. నొప్పి కాదు, అక్కడ ఉండాల్సింది లేకుండా పోయింది. ఒళ్ళు కుడికి వాలుతోంది. నాకు తెలుసు కుడికే వాలుతుందని. టోపీ వాలితే ఆమె కళ్ళు వాలతాయి, కళ్ళు వాలితే కాళ్ళు.

కుడి పక్కటెముకల్లో ఒక మోచెయ్యి దిగింది.

గట్టి మోచెయ్యి. పొలం పనులు చేసిన మోచెయ్యి. నన్ను పట్టుకోలేదు, ఒక గుంజని పాతినట్టు పక్కన పాతుకుంది అంతే, నేను దాని మీద ఆగాను. నిటారుగా. టోపీ ఎక్కడిదక్కడే ఉంది. ఎనిమిది. తొమ్మిది. మారెన్ పాదం ఎడమకి ఒక వేలెడు, ఇంకో వేలెడు జరిగింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోందో తిడుతోందో. పది. పదకొండు. ఇప్పుడు కళ్ళ కింద వాపు కూడా కనపడుతోంది. పన్నెండు. నా చెవిలో ఒక్సానా ఊపిరి ఆగిపోయింది, నాది ఎప్పుడో ఆగింది. పదమూడు. పద్నాలుగు. పదిహేను. మడమలు. మైదానం మొత్తం ఒకే దెబ్బ.

ఆగారు. ఇప్పుడు కదలొచ్చు. ఒప్పందం అంతవరకే. అయినా చెయ్యి ఎత్తడానికి కొంచెం సమయం పట్టింది. “అదిగోనమ్మా,” అన్నాను. “ఆ అమ్మాయికి కుడి పక్క.” నీలం కోటు, నీలం కోటు, మారెన్, తర్వాత ఏమీ లేదు, తర్వాత మళ్ళీ నీలం కోటు. ఆ ఏమీ లేని చోటులోంచి వెనక వరస మధ్యగా సరస్సు కనపడుతోంది, ఎండలో తెల్లగా. అదిగోనండీ, అని రేయాల్ నాన్న భాషలో కూడా అన్నాను, లోపల్లోపలే. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళయి ఉంటుంది.

ఒక్సానా చాలాసేపు చూసింది. మోచెయ్యి తియ్యలేదు. రొట్టె మూట ఇంకో చేత్తో పొట్టకి అదుముకుని ఉంది.

“ఇరుకుగా ఉందండీ,” అంది చివరికి. “వాడికి చాలదు. వాడి భుజాలు చాలా వెడల్పు. ఆ కోటు రెండుసార్లు విప్పించి కుట్టించాం.”

నిజమే. ఆ భుజాలు నేనూ చూశాను. ఆ చోటు వైపు చూస్తే అప్పుడు కనపడింది. చేతులు రెండూ ఒంటికి ఆనించి బిగబట్టి నిలబడాల్సిన సమయం. మారెన్ ఎడమ చెయ్యి అలాగే ఉంది. కుడి మోచెయ్యి మాత్రం ఒంటికి ఆనలేదు, రవ్వంత బయటికి ఉంది, పక్కన ఒకడు నిలబడి ఉంటే వాడి పక్కటెముకకి తగిలేంత. వందమంది వరసలో అంత తప్పు మైదానం చివర నుంచైనా తెలిసిపోతుంది. సార్జెంట్ మేజర్ వరస పొడుగునా చూపు నడిపించుకుంటూ వచ్చాడు. ఆమె దగ్గర ఆగాడు. చూశాడు.

చూసి, మెల్లగా, సరస్సు వైపు తల తిప్పుకున్నాడు.